దీర్ఘకాలిక ఒప్పందాలు – వినియోగదారుని రక్షణ

శారదానదీ పరీవాహక ప్రాంతంలో, విశాఖపట్నానికి చేరువలో ఉన్న అనకాపల్లి బెల్లం వర్తకానికి పేరుగాంచిన పట్టణం. చాలాకాలం విశాఖపట్నం జిల్లాలో భాగంగా ఉన్న ఈ పట్టణం 2022 ఏప్రిల్ 4న ప్రత్యేక జిల్లాకు కేంద్రమైంది. చుట్టుపక్కల గ్రామాల చెరకు రైతులు తెచ్చిన బెల్లం దిమ్మలు ఇక్కడి మార్కెట్టులో వరుసలు తీరి ఉంటాయి. వర్తకుడు దిమ్మ రంగు చూస్తాడు, గట్టిదనం చూస్తాడు, రకాన్ని నిర్ణయించుకుంటాడు. ధర కుదిరితే కొంటాడు. కుదరకపోతే మరొక దిమ్మల వరుస వైపు సాగిపోతాడు. ఈ క్రయవిక్రయంలో గమనింపదగిన విశేషాలు నాలుగు ఉన్నాయి. సరుకు కంటికి కనబడుతుంది. ధర గురించి మాట్లాడే అవకాశం ఉంటుంది. నచ్చకపోతే విడిచిపెట్టే స్వేచ్ఛ ఉంటుంది. బేరం కుదిరిన కొద్దికాలంలోనే వ్యవహారం ముగుస్తుంది.

అదే పట్టణంలో ఒక సామాన్య కుటుంబం చేసుకొనే ఇతర ఒప్పందాలను పరిశీలిస్తే పరిస్థితి భిన్నంగా కనిపిస్తుంది. పిల్లవానికి రెండేళ్ల పోటీపరీక్షల శిక్షణ, ఇరవై ఏళ్ల గృహరుణం, జీవిత బీమా పాలసీ, నిర్మాణంలో ఉన్న ఫ్లాటు, ఏడాదికి సరిపడా ముందుగానే డబ్బు కట్టించుకొనే ఇంటర్నెట్ కనెక్షన్ – ఇవన్నీ దీర్ఘకాలం సాగే సేవలు. వీటిలో కొనుగోలు చేస్తున్నది ఒప్పందం నాటికి కంటికి కనబడదు. షరతులు ముందే అచ్చు వేయబడి ఉంటాయి. వాటిలో ఒక్క అక్షరాన్ని మార్చమని అడిగే అవకాశం కూడా సాధారణంగా ఉండదు. సంతకం చేసిన తరువాత బయటికి రావడం మిక్కిలి కష్టం. ఇటువంటి ఒప్పందాలలో బలహీనుడైన వినియోగదారునికి చట్టం ఏ మేరకు అండగా నిలుస్తుందో తెలుసుకోవడం ప్రతి పౌరునికీ అవసరం.

ఒక సంస్థ తన ఖాతాదారులందరికీ ఒకే విధంగా వర్తించేటట్లు ముందుగా తయారుచేసుకొన్న ఒప్పందపత్రాన్ని ప్రామాణిక ఒప్పందం అంటారు. ఇది స్వతహాగా చెడ్డది కాదు. లక్షలాది ఖాతాదారులున్న బ్యాంకు గానీ, బీమా సంస్థ గానీ ప్రతి ఒక్కరితోనూ కూర్చొని వేరువేరుగా షరతులు రాసుకోవడం సాధ్యపడదు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, పత్రాన్ని రాసేది ఒక పక్షం, సంతకం చేసేది మరొక పక్షం. రాసేవారు తమ లాభాన్ని మొదటి పుటలో పెద్ద అక్షరాలతోనూ, ఎదుటివారి నష్టాన్ని చివరి పుటలో చిన్న అక్షరాలతోనూ ఉంచగలరు. ఒప్పందకాలం పెరిగినకొద్దీ ఈ అసమానత మరింత బాధిస్తుంది. రెండేళ్లలో కుటుంబ ఆదాయం తగ్గవచ్చు, ఆరోగ్యం క్షీణించవచ్చు, ఊరు మారవలసి రావచ్చు. అయితే సొమ్ము ముందే చెల్లించి ఉన్నందువల్ల వినియోగదారుడు సేవ నచ్చకపోయినా దానికి కట్టుబడి ఉండవలసివస్తుంది.

ఈ సమస్యకు చట్టం చూపిన పరిష్కారానికి దీర్ఘ చరిత్ర ఉంది. భారత ఒప్పందాల చట్టం 1872లో వచ్చింది. స్వేచ్ఛాయుతమైన సమ్మతి లేనిదే ఒప్పందం సక్రమమైనది కాదని ఆ చట్టం ప్రకటించింది. ఒక పక్షం రెండవ పక్షం మనస్సును ఏలగల స్థితిలో ఉండి, ఆ స్థితిని అడ్డుపెట్టుకొని అన్యాయమైన లాభం పొందితే దానిని ‘అనుచిత ప్రభావం’ అని 16వ సెక్షన్ పేర్కొంటుంది. మనస్సాక్షి అంగీకరించని రీతిలో ఒప్పందం ఉన్నప్పుడు, తాను అనుచిత ప్రభావం చూపలేదని నిరూపించుకొనే భారం పైచేయిగా ఉన్న పక్షం మీదనే పడుతుంది. ప్రజాహితానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదని 23వ సెక్షన్ చెబుతుంది. ఒప్పందాన్ని ఉల్లంఘిస్తే ఇంత మొత్తం చెల్లించాలని ముందే రాసుకొన్నా, ఆ మొత్తానికి మించకుండా సమంజసమైన పరిహారం మాత్రమే ఇప్పించాలని 74వ సెక్షన్ నిర్దేశిస్తుంది. అనగా, కాగితం మీద రాసిన ప్రతి అంకే చట్టానికి శిరోధార్యం కాదన్నమాట.

సంతకం వెనుక ఉన్న సమ్మతి నిజమైనదా అని ప్రశ్నించడం ఇతర దేశాల న్యాయస్థానాలలో కూడా కనిపిస్తుంది. ఆస్ట్రేలియా హైకోర్టు 1983లో ఇచ్చిన ఒక తీర్పు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఇటలీ నుండి వలసవచ్చిన వృద్ధ దంపతులు తమ కుమారుని సంస్థ అప్పులకు హామీగా తమ ఆస్తిని ఒక బ్యాంకుకు తనఖా పెట్టారు. వారికి ఆంగ్ల భాషా పరిజ్ఞానం అంతంతమాత్రం. హామీకి ఒక పరిమితి ఉన్నదని వారు భావించారు. పత్రంలో మాత్రం అటువంటి పరిమితి లేదు. ఆ సంస్థ ఆర్థిక దుస్థితి బ్యాంకుకు తెలుసు. ఆ దంపతులకు విషయం పూర్తిగా అర్థం కాలేదని అనుమానించడానికి తగిన కారణాలు కూడా దాని ఎదుట ఉన్నాయి. అయినప్పటికీ వారికి ఎవరూ వివరించలేదు. ఎదుటివారి నిస్సహాయతను ఎరిగి ఉండి దానిని వినియోగించుకోవడం మనస్సాక్షికి విరుద్ధమని న్యాయస్థానం నిర్ణయించి, ఆ హామీని రద్దుచేసింది. చదవలేని భాషలో ఉన్న పత్రం మీద సంతకం చేసే వారు తెలుగునాట కూడా ఎందరో ఉన్నారు కనుక, ఈ తీర్పులోని ధర్మసూక్ష్మం ఇక్కడి వారికి సులభంగానే బోధపడుతుంది.

భారత సర్వోన్నత న్యాయస్థానం 1986లో సెంట్రల్ ఇన్‌లాండ్ వాటర్ ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్ కేసులో ఇదే ధర్మాన్ని విస్తృతంగా చర్చించింది. కారణం చూపకుండా మూడు నెలల నోటీసుతో శాశ్వత ఉద్యోగిని తొలగించవచ్చునన్న నిబంధన ఆ కేసులో వివాదాంశం. బేరమాడే శక్తిలో సమానులు కాని ఇద్దరి మధ్య కుదిరిన అన్యాయమైన, అసమంజసమైన షరతును న్యాయస్థానాలు అమలుచేయవని ఆ తీర్పు స్పష్టం చేసింది. వేరు దారి లేక గీత మీద సంతకం పెట్టినవానికి ఈ సూత్రం వర్తిస్తుంది. అది ఉద్యోగికి సంబంధించిన వివాదమే అయినా, ఆ తీర్పులోని తర్కం వినియోగదారుల వివాదాలకు కూడా దారిదీపమైంది.

అదే 1986వ సంవత్సరం డిసెంబరు 24న వినియోగదారుల రక్షణ చట్టం రాష్ట్రపతి ఆమోదం పొందింది. ఏటా ఆ రోజునే జాతీయ వినియోగదారుల దినోత్సవంగా జరుపుకొంటున్నారు. అంతవరకు వినియోగదారుడు సివిల్ కోర్టుల చుట్టూ తిరగవలసివచ్చేది. కొత్త చట్టం జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయులలో ప్రత్యేక పరిష్కార వ్యవస్థను నెలకొల్పింది. లోపభూయిష్టమైన వస్తువులు, సేవాలోపం, అనుచిత వ్యాపార విధానాలు దాని పరిధిలోకి వచ్చాయి. అయితే ‘అన్యాయమైన ఒప్పందం’ అన్న మాటకు ఆ చట్టంలో ప్రత్యేక నిర్వచనం లేదు. ఒప్పందంలోని షరతును చూపి వినియోగదారుని వెనుకకు పంపే ప్రయత్నాలు చాలాకాలం సాగాయి.

అటువంటి ప్రయత్నం ఒకటి ఆంధ్రప్రదేశ్ రైతుల విషయంలో జరిగింది. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ నుండి విత్తనాలు కొని సాగుచేసిన రైతులు, విత్తన లోపం వల్ల పంట నష్టపోయామని జిల్లా ఫోరాలను ఆశ్రయించారు. ఒప్పందం ప్రకారం వివాదాన్ని మధ్యవర్తికే నివేదించాలని, పంటను తిరిగి అమ్ముతారు కనుక రైతులు వినియోగదారులే కారని సంస్థ వాదించింది. ఈ వాదాలను సర్వోన్నత న్యాయస్థానం 2012 జనవరిలో తోసిపుచ్చింది. వినియోగదారుల చట్టం ఇచ్చే పరిహారమార్గం ఇతర చట్టాల మార్గాలకు అదనమైనదే గాని వాటిచేత అడ్డగింపబడేది కాదని వివరించింది. కొన్న విత్తనమంతా పొలంలో చల్లే రైతు పరీక్ష కోసం కొంత దాచి ఉంచాలని ఆశించడం న్యాయం కాదని కూడా వ్యాఖ్యానించింది. మధ్యవర్తిత్వ షరతు ఉన్నంతమాత్రాన వినియోగదారుని హక్కు హరించిపోదని ఈ తీర్పు వల్ల తేటతెల్లమైంది.

షరతులలోని ఏకపక్షత ఎంత దూరం పోగలదో 2019 ఏప్రిల్‌లో వెలువడిన మరొక తీర్పు వెల్లడించింది. పయనీర్ అర్బన్ ల్యాండ్ అండ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ సంస్థ గురుగ్రామ్‌లో కట్టిన ఫ్లాటు గురించి వచ్చిన వివాదమది. కొనుగోలుదారు వాయిదా చెల్లింపులో ఆలస్యం చేస్తే ఏడాదికి 18 శాతం వడ్డీ కట్టాలి. సంస్థ సొమ్ము తిరిగి ఇవ్వవలసివస్తే మాత్రం 9 శాతం వడ్డీ ఇస్తే చాలు. ఒకే ఒప్పందంలో ఒకే డబ్బుకు రెండు తూనికలు! సంస్థ రాసిన పత్రం మీద సంతకం చేయడం తప్ప వేరు గతి లేని కొనుగోలుదారుని అటువంటి షరతులు బంధించవని, వాటిని చేర్చడమే అనుచిత వ్యాపార విధానమని సర్వోన్నత న్యాయస్థానం నిర్ణయించింది. సొమ్మును వడ్డీతో సహా తిరిగి ఇవ్వాలన్న ఆదేశాన్ని సమర్థించింది.

ఆ తీర్పు వచ్చిన నాలుగు నెలలకు, 2019 ఆగస్టులో, పార్లమెంటు కొత్త వినియోగదారుల రక్షణ చట్టాన్ని చేసింది. 2020 జూలైలో అమలులోకి వచ్చిన ఈ చట్టం అన్యాయమైన ఒప్పందాన్ని మొదటిసారిగా నిర్వచించింది. వినియోగదారుని హక్కులలో గణనీయమైన మార్పు తెచ్చే షరతులున్న ఒప్పందం అన్యాయమైనది. అటువంటి షరతులకు చట్టం ఆరు ఉదాహరణలు ఇచ్చింది.

మొదటిది, మితిమీరిన ధరావతును కోరడం. రెండవది, వినియోగదారుడు ఒప్పందం తప్పినందువల్ల కలిగిన నష్టానికి ఏమాత్రం పొంతన లేని జరిమానా విధించడం. మూడవది, వర్తించే రుసుముతో సహా అప్పును ముందుగానే తీర్చివేస్తానన్నా నిరాకరించడం. నాలుగవది, సహేతుకమైన కారణం లేకుండా ఒక పక్షమే ఒప్పందాన్ని రద్దుచేయగలగడం. ఐదవది, వినియోగదారుని సమ్మతి లేకుండా, అతనికి నష్టం కలిగేటట్లు ఒప్పందాన్ని మరొకరికి బదలాయించడం. ఆరవది, వినియోగదారుని ఇరకాటంలో పడవేసే అసమంజసమైన రుసుమునో, బాధ్యతనో, షరతునో మోపడం. ఈ ఆరింటిలో చివరిది మిక్కిలి విశాలమైనది. అచ్చుపత్రాలు తయారుచేసేవారి తెలివితేటలకు అంతం లేదు గనుక, ముందుగా ఊహింపని అన్యాయాన్ని సైతం పట్టుకొనేందుకు శాసనకర్తలు ఈ వల పన్నినట్లు భావించవచ్చు.

జూనియర్ కళాశాల విద్యార్థులకు దగ్గరగా ఉన్న ఒక కల్పిత ఉదాహరణను తీసుకొందాం. అనకాపల్లికి చెందిన ఒక విద్యార్థిని పోటీపరీక్షల శిక్షణ సంస్థలో చేరింది. రెండేళ్లకు 80,000 రూపాయలు ఒకేసారి చెల్లించారు. ఆరు నెలల తరువాత అనారోగ్యం వల్ల ఆమె మానివేయవలసివచ్చింది. ‘ఒకసారి చెల్లించిన రుసుము ఎట్టి పరిస్థితులలోనూ తిరిగి ఇవ్వబడదు’ అన్న షరతును సంస్థ చూపింది. ఇరవైనాలుగు నెలలలో పద్దెనిమిది నెలల బోధన ఇంకా జరగనే లేదు. ఆ భాగానికి చెందిన రుసుము 60,000 రూపాయలు. అందించని సేవకు ఇంత మొత్తాన్ని ఉంచుకోవడం సమంజసమేనా అన్నదే ఇక్కడి ప్రశ్న. కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖ 2024 జనవరిలో శిక్షణ సంస్థల కోసం వెలువరించిన మార్గదర్శకాలు, మధ్యలో మానివేసిన విద్యార్థికి మిగిలిన కాలానికి తగిన రుసుమును పది రోజులలో తిరిగి ఇవ్వాలని సూచించాయి. వాటిని అమలుపరచే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వాలది.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తుంచుకోవాలి. విద్యాబోధన చేసే పాఠశాలలు, కళాశాలలు, విశ్వవిద్యాలయాలు వినియోగదారుల చట్టం పరిధిలోకి రావని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 జనవరిలో నిర్ణయించింది. శిక్షణ సంస్థలకు మాత్రం ఆ మినహాయింపును వర్తింపజేయలేదు. కనుక ఫిర్యాదు ఎవరి మీద అన్న విషయాన్ని ముందుగా నిర్ధారించుకోవడం అవసరం.

చట్టం వినియోగదారుని పక్షాన ఉన్నదంటే, చేసుకొన్న ప్రతి ఒప్పందం నుండీ తప్పించుకోవచ్చునని అర్థం కాదు. 1996లో ఒక కొరియర్ సంస్థ వివాదంలో, పంపిన పత్రాలు గమ్యం చేరకపోయినా, సంతకం చేసిన రసీదులోని షరతు ప్రకారం 100 డాలర్లకే బాధ్యత పరిమితమవుతుందని సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. సంతకానికి విలువ లేకపోతే వర్తకమే సాగదు. తొందరపడి కొన్నందుకు పశ్చాత్తాపపడటం వేరు, ఎదుటిపక్షం అసమానతను వాడుకొని వంచించడం వేరు. చట్టం రెండవదానికే మందు. షరతు ఎంత ఏకపక్షంగా ఉంది, దానిని ముందుగా తెలియజేశారా, వినియోగదారునికి నిజంగా మరొక మార్గం ఉన్నదా అన్నవి న్యాయనిర్ణేతలు తూచి చూసే అంశాలు.

కొన్ని రంగాలలో నియంత్రణ సంస్థలు ముందుగానే రక్షణ కల్పించాయి. వ్యక్తులు మారే వడ్డీరేటుపై తీసుకొన్న గృహరుణాలను ముందుగా తీర్చివేస్తే అదనపు రుసుము వసూలు చేయరాదని భారతీయ రిజర్వు బ్యాంకు 2012లో బ్యాంకులను ఆదేశించింది. జీవిత బీమా పాలసీపత్రం చేతికందిన 30 రోజులలో షరతులు నచ్చకపోతే దానిని తిప్పిపంపే అవకాశాన్ని బీమా నియంత్రణ సంస్థ 2024లో ఏర్పరచింది. ఆన్‌లైన్ సేవలలో చందా చేర్చుకోవడం సులభంగానూ, మానుకోవడం దుస్సాధ్యంగానూ ఉంచడాన్ని ‘చందా ఉచ్చు’గా పరిగణించి, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో నిషేధించింది.

ఇక పరిహారం పొందే మార్గం తెలుసుకోవాలి. పాత చట్టం ప్రకారం ఎదుటి పక్షం ఉన్నచోటనో, వివాదకారణం ఏర్పడిన చోటనో ఫిర్యాదు చేయవలసి ఉండేది. కొత్త చట్టం ఫిర్యాదుదారు నివసించే లేదా పనిచేసే ప్రాంతపు కమిషన్‌లో కూడా ఫిర్యాదు చేసే హక్కు ఇచ్చింది. అందువల్ల ముంబైలోనో, ఢిల్లీలోనో కార్యాలయం ఉన్న సంస్థ మీద ఫిర్యాదు చేయడానికి అనకాపల్లి వాసి అంతదూరం పోనక్కరలేదు. 2021 నిబంధనల ప్రకారం చెల్లించిన ప్రతిఫలం 50 లక్షల రూపాయలకు మించని ఫిర్యాదులను జిల్లా కమిషన్ స్వీకరిస్తుంది. ప్రతిఫలం 5 లక్షల లోపైతే ఫిర్యాదు రుసుము లేదు. న్యాయవాదిని నియమించుకోవడం తప్పనిసరి కాదు. వివాదకారణం ఏర్పడిన రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. జిల్లా కమిషన్ ఆదేశంపై 45 రోజులలో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. అన్యాయమైన షరతు చెల్లదని ప్రకటించే అధికారాన్ని చట్టం రాష్ట్ర, జాతీయ కమిషన్లకే ఇచ్చింది. ఆ ప్రకటనే కోరదలచినవారు రాష్ట్ర కమిషన్‌ను ఆశ్రయించాలి. అయితే సేవాలోపాన్ని గాని, అనుచిత వ్యాపార విధానాన్ని గాని ఆధారం చేసుకొని, సొమ్ము వాపసు కోసం జిల్లా కమిషన్‌కే పోవచ్చు. లోపమున్న సేవను నిలిపివేసి, గడువులోగా సొమ్ము తిరిగి ఇవ్వడానికి నిరాకరించడం కూడా అనుచిత వ్యాపార విధానమేనని 2019 చట్టం చెబుతుంది. చిన్న మొత్తం పోగొట్టుకొన్న కుటుంబానికి ఈ రెండవ మార్గం సులభమైనది. అంతకంటె ముందు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫోన్ చేసి సలహా పొందవచ్చు.

హక్కు ఎంత బలమైనదైనా ఆధారం లేనిదే నిలవదు. సంతకం చేసే ముందు వ్యవధి, మొత్తం ఖర్చు, మధ్యలో మానుకొనే పద్ధతి, సొమ్ము వాపసు, ఆలస్యానికి జరిమానా అన్న ఐదు విషయాలను పత్రంలో వెదకి చదవాలి. అర్థం కాని షరతుకు వివరణను రాతపూర్వకంగా అడగాలి. ఖాళీలు పూరింపని కాగితం మీద సంతకం చేయరాదు. ఒప్పందం నకలు, రసీదులు, ప్రకటన కరపత్రం, పంపిన సందేశాలు భద్రపరచాలి. సేవ మానుకోదలచినప్పుడు ఆ విషయాన్ని తేదీ వేసి రాతపూర్వకంగా తెలియజేయాలి. అడగందే అమ్మైనా పెట్టదన్న సామెత ఇక్కడ అక్షరసత్యం. ఫిర్యాదు చేయని వినియోగదారుని తరఫున కమిషన్ తనంతట తాను తలుపు తట్టదు.

తెలుగునాట ఎన్నో కుటుంబాలలో బ్యాంకు కాగితాన్నో, బీమా పత్రాన్నో చదివి చెప్పగలిగినవారు ఇంటర్మీడియట్ చదువుతున్న పిల్లలే. కష్టార్జితాన్ని రాబోయే ఇరవై ఏళ్లకు తాకట్టు పెడుతున్న తండ్రి పక్కన కూర్చొని, చివరి పుటలోని చిన్న అక్షరాలను తెలుగులో వివరించగలిగిన విద్యార్థి ఆ ఇంటికి తొలి రక్షణ కల్పించినవాడవుతాడు. చట్టం రెండవ రక్షణ. మొదటిది మెలకువగా ఉన్నచోట రెండవదానితో పని తక్కువగానే పడుతుంది. పని పడిన నాడు అది మరింత గట్టిగా నిలబడుతుంది.